శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవాళ్లు ‘వీ మ్యూజిక్’ లాంటి గేమ్ నుంచి ఏం ఆశించాలి?

విభాగం: సంగీతం – ఆటలు – గ్యాడ్జెట్లు

తీగలమ్మాయి | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా ఆడపడుచు వాళ్లు అమెరికా నుంచి వచ్చేస్తూ పాత వీ కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే నింటెండో గేమ్ పెట్టె) తెచ్చి మా పిల్లలకిచ్చారు. వెంట వచ్చిన డిస్కుల్లో నింటెండో వాళ్ల ‘వీ మ్యూజిక్’ ఉంది, 2008 నాటిది. నేను వయొలిన్‌లో డిప్లొమా చేశాను, ఇంట్లో పాఠాలు చెప్తాను. అందుకని వాయిద్యాల్లో ముందు వయొలినే ఎంచుకున్నాను.

ఎడమచేతిలో నన్‌చక్ అనే, రిమోట్‌కి తీగతో తగిలించే రెండో పిడి పట్టుకుని కుడిచేత్తో రిమోట్‌ని కమానులా ఆడించాలి. ఆడిస్తే స్వరం వస్తుంది. ఏ స్వరమంటే, పాటలో తర్వాత ఏది ఉంటే అది! కావాలని తప్పు వాయిద్దామన్నా కుదరదు. పాటలో ఖాళీ ఉన్నచోట చెయ్యి ఆడించినా, అక్కడికి నప్పే స్వరమొకటి గేమే వేసేస్తుంది. మావాడు రిమోట్‌ని ఇష్టమొచ్చినట్టు తిప్పినప్పుడు వచ్చిన దానికీ, నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని కమాను లాగినట్టు లాగినప్పుడు వచ్చిన దానికీ తేడా మా అత్తగారు కనిపెట్టలేకపోయారు. ఆవిడ సంగీతం బాగా వింటారు, చెవిలో లోపమేమీ లేదు.

వయొలిన్‌కి మెట్లుండవు. వేలు వెంట్రుకవాసి పక్కకి పడితే శ్రుతి పోతుంది. ఆ భయంతోనే ఏళ్ల తరబడి సాధన చేస్తాం. అపస్వరానికి చోటే లేనప్పుడు స్వరం పలికించానన్న తృప్తి ఎక్కడినుంచి వస్తుంది? నేను గొంతెమ్మ కోరికలేం కోరలేదు. పొడుగ్గా లాగితే ఒకలాగా, తుంచితే ఒకలాగా పలకాలి. ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి జారే వీలుండాలి. తప్పు తప్పులా వినిపించాలి.

మీలో సంగీతం వచ్చినవాళ్లు ఇలాంటి గేమ్స్ ఆడతారా? ఏం చూసుకుని ఆడతారు?

---

గుండు_సున్నా | శనివారం రాత్రి 9:52

అది బొమ్మండీ. ఆర్టీసీ డ్రైవర్ గారు పిల్లాడి బొమ్మ బస్సు తోలి, గేర్లు సరిగ్గా పడట్లేదని డిపోకి ఫిర్యాదు రాసినట్టుంది.

---

తీగలమ్మాయి | శనివారం రాత్రి 9:58

నవ్వాను, ఒప్పుకుంటున్నాను :) కానీ నేను అడిగేది గేర్ల గురించి కాదు. స్టీరింగ్ ఎటు తిప్పినా బస్సు తనకి నచ్చినవైపే పోతోంది, అదీ నా గోల.

---

పాత_కన్సోల్ | శనివారం రాత్రి 10:31

ఈ గేమ్‌కి ఈ తిట్లు కొత్త కాదు, విడుదలైనప్పుడే పడ్డాయి. కొంచెం పూర్వకథ చెప్తాను.

2006లో ఇ3 అనే గేమ్స్ ప్రదర్శనలో, మారియోని సృష్టించిన నింటెండో డిజైనర్ మియమోటో కోటూ బూటూ వేసుకుని, వీ రిమోట్‌ని బెత్తంలా పట్టుకుని తెరమీది ఆర్కెస్ట్రాని నడిపించాడు. అప్పటినుంచీ జనం ఎదురుచూశారు. 2008 అక్టోబర్‌లో గేమ్ వచ్చింది. వాయిద్యాలు 60 పైనే. సితార్ ఉంది, వీణ లేదు. కుక్క వేషం, పిల్లి వేషం కూడా వాయిద్యాలే, అరుపులతో పాట వాయించొచ్చు! పాటలు సుమారు 50, వాటిలో చాలావరకు ట్వింకిల్ ట్వింకిల్ లాంటి పాతకాలపు వరసలు.

ఆ రోజులు గుర్తు తెచ్చుకోండి. 2005లో గిటార్ హీరో, 2007లో రాక్ బ్యాండ్ వచ్చి ఊపేస్తున్నాయి. వాటి పద్ధతి ఒకటే: తెరమీద రంగు చుక్క కిందికి దిగుతుంది, సరైన క్షణంలో సరైన బటన్ నొక్కాలి, తప్పితే మార్కులు పోతాయి, మరీ తప్పితే జనం వెళ్లగొడతారు. నింటెండో వాళ్లు సరిగ్గా దానికి ఎదురు నడిచారు. పాట వాయించే చోట మార్కులే లేవు. పాట అయ్యాక మీకు మీరే నూటికి ఎంతో వేసుకోవచ్చు. గేమ్ ఆడేవాళ్లకి ఇది గేమే కాదనిపించింది. సంగీతం వచ్చినవాళ్లకి ఇది సంగీతమే కాదనిపించింది. ఇద్దరికీ చెడింది.

కానీ నింటెండోకి ఈ అలవాటు ముందునుంచీ ఉంది. 2005లో డీఎస్ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ పెట్టె మీద ‘ఎలెక్ట్రోప్లాంక్టన్’ తెచ్చారు, తోషియో ఇవాయ్ అనే మీడియా కళాకారుడు చేసింది. పది రకాల ప్లవకాలు (నీళ్లలో తేలే బుల్లి జీవులు), ఒక్కోదానిది ఒక్కో వాయింపు పద్ధతి. ఒకదాంట్లో చిన్న జీవులు ఆకుమీంచి ఎగిరి వేరే ఆకులకి తగిలితే స్వరాలు వస్తాయి, ఆకుల్ని వంచడమే మన పని. వాయించింది దాచుకునే సదుపాయమే పెట్టలేదు. విన్నారా, అయిపోయింది, అంతే. నాకు మాత్రం వీ మ్యూజిక్ కన్నా అదే పది రెట్లు నచ్చుతుంది.

---

ధీంతకిట | ఆదివారం ఉదయం 6:15

మృదంగం వాయిస్తాను. స్వరాల సంగతి మీరు చూసుకోండి, నా గొడవ వేరే. తెరమీద చెయ్యి పడినట్టు కనిపించేది ఒకప్పుడు, చప్పుడు వచ్చేది ఇంకొకప్పుడు. మా అక్కయ్య వాళ్లింట్లో ఇలాంటి డ్రమ్స్ గేమ్ ఒకటి పెద్ద టీవీ మీద ఆడించారు, రెండు నిమిషాల్లో తలనొప్పి వచ్చింది.

లెక్క చూడండి. నిమిషానికి 60 అక్షరాల (తాళం దెబ్బల) నడక అనుకుందాం. అక్షరానికి ఒక సెకను. చతురశ్రంలో అక్షరానికి 4 మాత్రలు, అంటే మాత్రకి 250 మిల్లీ సెకన్లు. రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, 125. టీవీ 100 మిల్లీ సెకన్లు ఆలస్యం చేసిందంటే దాదాపు ఒక మాత్ర మింగేసినట్టే. మామూలువాళ్లకి అది ‘కాస్త లేటు’. మాకు అది లయ పోవడం. అందరూ సులువుగా ఆడేస్తుంటే మనకే చేతులు రావేమిటని సిగ్గనిపిస్తుంది కూడా. తాళం గట్టిగా పట్టుకున్నవాడికే ఈ గేమ్స్‌లో ఎక్కువ తప్పులు పడతాయి, ఎందుకంటే వాడు తెర చూడడు, లోపల నడుస్తున్న లెక్క వింటాడు.

---

కంపైలర్_కాకా | ఆదివారం ఉదయం 10:20

గేమ్ కంపెనీలో పనిచేస్తాను, సంగీతం గేమ్స్ కాదు, బండ్ల గేమ్స్. అయినా ఆలస్యం గురించి చెప్పగలను.

ధీంతకిట గారూ, మీ లెక్క సరైనదే. పాత లావుపాటి ట్యూబు టీవీల్లో ఆలస్యం దాదాపు ఉండేది కాదు. ఇప్పటి టీవీలు బొమ్మని పెంచి, నునుపు చేసి, రంగులు దిద్ది అప్పుడు చూపిస్తాయి. ఆ బొమ్మతో కలవాలని శబ్దాన్నీ ఆపుతాయి. అందుకే గిటార్ హీరో తరహా గేమ్స్‌లో ఆలస్యం సరిచేసుకునే సెట్టింగ్ ఉంటుంది. రాక్ బ్యాండ్ 2 గిటార్‌లోనైతే టీవీ వెలుగునీ చప్పుడునీ పసిగట్టి దానంతటదే లెక్క వేసుకునే సెన్సర్లు కూడా పెట్టారు.

వీ కన్సోల్‌కి సులువైన మందు ఉంది. దాని కేబుల్‌లో పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులుంటాయి కదా, ఎరుపు, తెలుపు రెండూ శబ్దానివి. వాటిని టీవీకి పెట్టకుండా నేరుగా ఆంప్లిఫయర్‌కో స్పీకర్లకో తగిలించండి. బొమ్మ కాస్త వెనకబడినా చప్పుడు చేతితోపాటే వస్తుంది. టీవీలో గేమ్ మోడ్ ఉంటే అదీ వేయండి.

ఇక తీగలమ్మాయి గారి ప్రశ్నకి. వాయిద్యం మీద మనం ఒకేసారి బోలెడు నిర్ణయాలు తీసుకుంటాం. ఏ స్వరం, ఎప్పుడు, ఎంతసేపు, ఎంత బలంగా, ఎలా చేరుకోవాలి, అసలు వాయించాలా మానాలా. సంగీతం రానివాళ్ల కోసం గేమ్ చేసేవాడు వీటిలో కొన్ని లాగేసుకుని మెషీన్‌కి ఇస్తాడు, మిగిలినవి ఆటగాడికి వదులుతాడు. గిటార్ హీరోలో ఏ స్వరమో, ఎప్పుడో రెండూ ముందే రాసిపెట్టి ఉంటాయి. మీకు మిగిలేది పాటించడం ఒక్కటే. వీ మ్యూజిక్‌లో ‘ఏ స్వరం’ మెషీన్‌ది, ‘ఎప్పుడు’ మీది. వాయించకుండా ఊరుకునే హక్కు కూడా మీదే.

మీరు వయొలిన్ మనిషి కాబట్టి గేమ్ లాగేసుకున్న దాన్నే, అంటే శ్రుతినే, వెతుకుతున్నారు. అది అక్కడ లేదు, దొరకదు. మీకు వదిలిన కాలాన్ని పట్టుకుని ఆడి చూడండి. అందులో ఆరు భాగాలుంటాయి: మెలడీ (అసలు వరస), హార్మనీ (దానికి తోడు వరస), కార్డ్ (కలిపి మోగే స్వరాలు), బేస్ (కింది స్థాయి స్వరాలు), రెండు పెర్కషన్లు (దరువు). ఒకటి వాయించి, దానిమీద ఇంకోటి ఎక్కించుకుంటూ ఆరూ మీరే నింపొచ్చు. మెలడీ అన్నిటికన్నా బోరు. అది వదిలేయండి.

---

వన్స్‌మోర్ | ఆదివారం మధ్యాహ్నం 12:05

పద్యనాటకం పిచ్చోణ్ణి. మీ అందరి వాదనా వింటుంటే హార్మోనియం గొడవ గుర్తొస్తోంది. గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) పలకదు, మెట్ల మధ్య ఏమీ లేదు అని 1940లో ఆకాశవాణి హార్మోనియంని గుమ్మం బయట నిలబెట్టింది. మళ్లీ లోపలికి రానివ్వడం 1971లో మొదలుపెట్టారు. ఆ ముప్పై ఏళ్లూ మన స్టేజీల మీద పెట్టె ఆగిందా? రాగం తీసే నటుడి పక్కన హార్మోనిస్టు లేకుండా పద్యం లేచేదా? గొంతు గమకం చూసుకుంటే, పెట్టె శ్రుతి చూసుకునేది. ఎవరి పని వాళ్లది.

గమకం రాని ప్రతిదాన్నీ తోసేస్తే మిగిలేది తక్కువండీ.

---

తీగలమ్మాయి | ఆదివారం మధ్యాహ్నం 2:45

వన్స్‌మోర్ గారూ, పోలిక బాగుంది కానీ అతకదు. హార్మోనియంలో తప్పు మెట్టు నొక్కితే తప్పే పలుకుతుంది, హాలంతా వింటుంది. నేను అడిగేది గమకం ఒక్కటే కాదు, ఆ పూచీ.

పైగా మన వాళ్లు ఏ వాయిద్యాన్నీ ఉన్నది ఉన్నట్టు తీసుకోలేదు. వయొలిన్ పరాయిదే, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. కింద కూర్చుని, శ్రుతి మార్చుకుని మన పద్ధతికి వంచుకున్నాం. పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్‌కి జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. వంచడానికి లొంగేదైతే వంచుకుంటాం. ఈ గేమ్‌లో వంచడానికి చెయ్యి పట్టే చోటేదీ అని అడుగుతున్నాను.

కాకా గారు చెప్పింది ఆలోచించదగ్గది. చూస్తాను.

---

ఫ్రిస్కో_పిన్ని | ఆదివారం రాత్రి 8:10

టెక్సస్‌లో పిల్లలకి గాత్రం చెప్తాను. మా బేస్‌మెంట్‌లో, సారీ, మాకిక్కడ బేస్‌మెంట్లు ఉండవు, గరాజ్‌లో ఈ గేమ్ ఇప్పటికీ ఉంది :) నేను ఎలా వాడతానో చెప్తాను.

పాట వాయించే భాగం నేను ముట్టుకోను. పక్కన చిన్న ఆటలు మూడున్నాయి. ఒకటి ఆర్కెస్ట్రా నడిపేది, ఒకటి చేతి గంటలు, మూడోది ‘పిచ్ పర్ఫెక్ట్’. ఆ మూడోది చెవికి పరీక్ష. వినిపించిన స్వరాల్ని పోల్చి జవాబు చెప్పాలి. ఇక్కడ మార్కులున్నాయి, తప్పుకి తప్పు పడుతుంది. వీ మ్యూజిక్‌లో తప్పు లేదనేవాళ్లు ఇక్కడిదాకా రాకుండానే కన్సోల్ ఆపేసి ఉంటారు. సరళీ వరసలు బండెడు పాడినా పై షడ్జమమో పంచమమో చెప్పలేని పిల్లలు నా దగ్గర ఉన్నారు. వాళ్లు ఇది ఆడటానికి పోటీ పడతారు. దీనివల్ల వాళ్ల స్వరజ్ఞానం పెరిగిందని నేను ప్రమాణం చేయను. వినడం ఒక పని అని మాత్రం తెలిసింది.

చేతి గంటల్లో ఒక్కొక్కరికి రెండే గంటలు. తమ వంతు వచ్చేదాకా నోరు మూసుకుని పాటంతా వినాలి. మా వాళ్లకి అది పెద్ద శిక్షణే. మన పాఠంలో పిల్లలందరూ ఎప్పుడూ ఒకే వరస పాడతారు, ఆగి వినే అవసరమే రాదు.

ఇంకో మాట. ట్వింకిల్ ట్వింకిల్ లాంటి వరసలని తేలిగ్గా తీసేయకండి. మద్రాసులో బ్యాండు వాళ్లు వాయించే ఇంగ్లీషు ట్యూన్లకి సంస్కృతంలో సాహిత్యం కట్టిన మనిషి మామూలువాడా? దీక్షితుల వారి నొట్టుస్వరాలన్నీ అవే కదా. గమకాల్లేవు, అన్నీ శంకరాభరణం మెట్లే. అంత పెద్ద విద్వాంసుడు ఆ బోడి ట్యూన్లలో ఏదో సరదా చూశాడు.

---

పాత_కన్సోల్ | ఆదివారం రాత్రి 8:50

> అన్నీ శంకరాభరణం మెట్లే

పిన్ని గారూ, ఈ మాటతో ఒకటి గుర్తొచ్చింది. 1992లో సూపర్ నింటెండోకి ‘మారియో పెయింట్’ వచ్చింది, మౌస్‌తో బొమ్మలు గీసుకునేది. అందులో పాట కూర్చే మూల ఒకటుంది. ఐదు గీతల మీద మారియో తల, పిల్లి, పసిపాప లాంటి గుర్తులు పెడితే ఒక్కోటి ఒక్కో గొంతుతో పలుకుతుంది. ఒకేసారి మూడు స్వరాలకి మించి కుదరదు. అసలు చమత్కారం ఏమిటంటే నల్ల మెట్లు లేవు! షార్ప్ గానీ ఫ్లాట్ గానీ పెట్టే దారే లేదు. అంత ఇరుకులో జనం అద్భుతాలు చేశారు, ఆ పద్ధతిలోనే తర్వాత అభిమానులు కంప్యూటర్‌కి కూడా కంపోజర్లు రాసుకున్నారు.

సంగీతం వచ్చినవాళ్లకి నా ప్రశ్న: నల్ల మెట్లు లేకుండా మన రాగాలు ఎన్ని పలుకుతాయి?

---

తీగలమ్మాయి | ఆదివారం రాత్రి 9:30

అబ్బ, ఇది అడగాల్సిన ప్రశ్న. గ్రహభేదం!

తెల్ల మెట్లు మాత్రమే తీసుకుని ఆధార షడ్జమం మార్చుకుంటూ పొండి. ‘సి’ షడ్జమమైతే ధీర శంకరాభరణం. ‘డి’ అయితే ఖరహరప్రియ. ‘ఇ’ మీద హనుమత్తోడి. ‘ఎఫ్’ మీద మేచకల్యాణి. ‘జి’ మీద హరికాంభోజి. ‘ఎ’ మీద నఠభైరవి. ‘బి’ మీద పంచమం దొరకదు కాబట్టి అది మేళకర్త (ఏడు స్వరాలూ ఉన్న మూల రాగం) కాదు. అంటే 72 మేళకర్తల్లో ఆరు. ఇక వీటి జన్యాలు (వీటిలోంచి పుట్టిన రాగాలు) వేసుకోండి. మోహనం వస్తుంది. మోహనం వచ్చిందంటే దాని గ్రహభేదాలు మధ్యమావతి, హిందోళం, శుద్ధ సావేరి, శుద్ధ ధన్యాసి కూడా వచ్చేసినట్టే. ఆ గేమ్‌లో పిల్లి ‘మ్యావ్’ అంటూ హిందోళం పాడగలదన్నమాట.

ఇక రానిదేదో చూడండి. మాయామాళవగౌళ! మన దగ్గర ఎవరు పాఠానికి కూర్చున్నా మొదటిరోజు పాడేది అదే. శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. నల్ల మెట్లు లేకుండా అసాధ్యం. కల్యాణి దాకా పోనిచ్చే గేమ్ మొదటి పాఠాన్ని మాత్రం పాడనివ్వదు.

(మెట్లు వస్తాయన్నానే గానీ రాగం వస్తుందని అనలేదు. తోడి అక్షరాలా ‘మెట్లు’ వాయిస్తే ఎవరూ తోడి అనరు. ఆ సంగతి వదిలేద్దాం.)

---

సరదాగా_కోడ్ | ఆదివారం రాత్రి 10:12

వదిలేయొద్దండీ! ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. మేం నలుగురం ప్రాజెక్ట్‌కి కర్ణాటక సంగీతం గేమే చేద్దామనుకుంటున్నాం. ఆటగాడు ఫోన్‌లో పాడతాడు, యాప్ శ్రుతి కొలిచి మార్కులు వేస్తుంది. 72 మేళకర్తలు 72 లెవెల్స్. తప్పు తప్పులా తెలుస్తుంది, తీగలమ్మాయి అక్క కోరినట్టే. ఎలా ఉంది ఐడియా?

---

కంపైలర్_కాకా | ఆదివారం రాత్రి 10:40

తమ్ముడూ, పాడే గేమ్స్‌లో మెషీన్ కొలిచేది ఫ్రీక్వెన్సీని. గాంధారం దగ్గర ఒక గీత గీసుకుంటుంది, నీ గొంతు ఆ గీతకి ఎంత దగ్గరుందో చూసి మార్కు వేస్తుంది. ఇప్పుడు అక్కయ్యనే అడుగు, తోడిలో గాంధారం ఎక్కడ నిలబడుతుందో.

---

తీగలమ్మాయి | ఆదివారం రాత్రి 10:55

ఎక్కడా నిలబడదు :) తోడి గాంధారం పేరుకి సాధారణ గాంధారం. పాడేటప్పుడు అది కింద రిషభం వైపు, పైన మధ్యమం వైపు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపే గాంధారం. మెట్టు మీద నిలిపి పాడితే ఆ స్వరస్థానం వస్తుంది గానీ తోడి రాదు.

అంటే తమ్ముడి యాప్‌లో ఏం జరుగుతుందో ఊహించగలను. మొన్న చేరిన పిల్ల ‘గా’ అని కర్రలా నిలబెట్టి పాడితే నూటికి నూరు. మా మాస్టారు పాడితే ఫెయిల్.

---

గుండు_సున్నా | ఆదివారం రాత్రి 11:01

అంటే తప్పుకి మార్కు తీసేసే గేమ్ కావాలి, కానీ ఆ తీసేసేవాడికి గమకం తెలిసుండాలి. అలాంటిది ఎప్పుడో కనిపెట్టేశారు, గురువు అంటారు. నెలనెలా ఫీజు కట్టాలి, అప్‌డేట్లు రావు.

---

కంపైలర్_కాకా | ఆదివారం రాత్రి 11:20

గుండు_సున్నా గారు నవ్వుతూ అన్నారు గానీ చిక్కంతా అదే. మార్కు వేయాలంటే ఒప్పు ఏదో ముందే రాసి ఉండాలి. రాయగలిగింది మాత్రమే ఒప్పవుతుంది. రాయడానికి లొంగనిదంతా తప్పుల్లో పడుతుంది. 2011లో వచ్చిన రాక్‌స్మిత్ చూడండి. నిజమైన గిటార్‌నే కేబుల్‌తో తగిలిస్తే ఏ తీగ, ఏ మెట్టు వాయించారో విని చెప్తుంది. అక్కడ అది పనికొచ్చిందంటే, ఒకరు రికార్డు చేసిన పాటని ఉన్నదున్నట్టు వాయించడమే లక్ష్యం కాబట్టి. కల్పన స్వరాలకి (అప్పటికప్పుడు అల్లి పాడేవాటికి) ఆ పద్ధతి పెట్టండి చూద్దాం. మీరు ఇంకా పాడని దానికి మెషీన్ దగ్గర జవాబు ఎలా ఉంటుంది?

అందుకే నేను వీ మ్యూజిక్ వాళ్లని పూర్తిగా తిట్టలేను. మెషీన్‌కి తీర్పు చెప్పే అర్హత లేదని వాళ్లు ముందే చేతులెత్తేశారు. నీకు నువ్వే నూటికి వేసుకో అన్నారు. అది బద్ధకమంటారా, వినయమంటారా మీ ఇష్టం.

---

తీగలమ్మాయి | సోమవారం ఉదయం 7:05

నాకైతే సగం సగం అనిపిస్తోంది కాకా గారూ. తీర్పు చెప్పకపోవడం వేరు, తప్పు చేయనివ్వకపోవడం వేరు. మార్కులు తీసేయమనండి, నాకేం అభ్యంతరం లేదు. నా చెవితో నేను దిద్దుకుంటాను. కానీ దిద్దుకోవడానికి నా తప్పు నాకు వినిపించాలి కదా? నూటికి నాకు నేను వేసుకోవాలంటే అందులో నా స్వరం ఉండాలి. మెషీన్ ఎంచిన స్వరానికి నేను మార్కులేసుకోవడమేమిటి?

---

సరదాగా_కోడ్ | సోమవారం ఉదయం 8:30

అక్కా, మా టీమ్‌కి రాత్రంతా టెన్షన్ పెట్టారు. శ్రుతి కొలిచేది తీసేసి, తాళం లెక్కల గేమ్ చేద్దామా అని ఆలోచిస్తున్నాం. తాళానికైతే లెక్క రాయొచ్చు కదా?

---

ధీంతకిట | సోమవారం ఉదయం 8:47

రాయొచ్చు, బాగా రాయొచ్చు. అలంకారాలకి ఏడు తాళాలు, జాతులు (తాళంలో ఒక భాగానికి ఎన్ని అక్షరాలన్న లెక్క) మార్చుకుంటూ పోతే 35. ఫోన్ తెర మీద వేలు పెట్టిన క్షణం, చప్పుడు వచ్చిన క్షణం, ఈ రెండింటి మధ్య దూరం ముందు కొలుచుకో. అది సరిగ్గా లేకపోతే ఎన్ని లెవెల్స్ పెట్టినా మా వాళ్లెవరూ ముట్టుకోరు. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో ఆడొద్దని మొదటి తెర మీదే రాయి.

---

చిన్నగిటార్ | సోమవారం ఉదయం 11:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. రాక్ బ్యాండ్ 3కి 2010లో ఫెండర్ మస్టాంగ్ అని ఒక గిటార్ వచ్చింది, తీగలకి బదులు మెడ నిండా 102 బటన్లు. అది సెకండ్ హ్యాండ్‌లో ఇండియాలో ఎక్కడైనా దొరుకుతుందా? ధర ఎంతుంటుంది?

---

నిర్వాహకుడు | సోమవారం ఉదయం 11:40

కొనుగోలు, అమ్మకం ప్రశ్నలకి ‘సంత’ విభాగం ఉంది. చిన్నగిటార్ గారి పోస్టుకి జవాబులు అక్కడ రాయండి. ఈ థ్రెడ్ బాగా నడుస్తోంది, నడవనివ్వండి.

---

ఫ్రిస్కో_పిన్ని | సోమవారం సాయంత్రం 6:20

జారడం కావాలన్నారు కదా తీగలమ్మాయి గారూ, ఐప్యాడ్‌లో జియోష్రెడ్ అని ఒక యాప్ ఉంది. తెరమీద వేలు ఎటు జరిపితే స్వరం అటు జారుతుంది. కర్ణాటక సంగీతం వాళ్లు దానిమీద గమకాలతో సహా కీర్తనలు వాయిస్తున్నారు, కచేరీల్లో కూడా చూశాను. కానీ అది గేమ్ కాదు, వాయిద్యమే. సాధన చేయాలి. మా పిల్లలకి ఇస్తే పది నిమిషాలు చప్పుడు చేసి పక్కన పడేశారు.

పిల్లలకైతే ఇంక్రెడిబాక్స్. బొమ్మ మనుషుల మీదికి గుర్తులు లాగి వదిలితే ఒక్కొక్కడూ ఒక్కో చప్పుడు నోటితో చేస్తాడు, ఏది దేంతో కలిపినా నప్పుతుంది. ఇండియా బాణీలో ‘జీవన్’ అని ఒక భాగం కూడా ఉంది. అందులోనూ తప్పు చేయలేం. మా అమ్మాయి మాత్రం ఎవణ్ణి ఎప్పుడు నోరు మూయించాలో తేల్చుకోవడానికే గంట కూర్చుంటుంది. అది పాట కట్టడంలో భాగం కాదా మరి?

---

తీగలమ్మాయి | మంగళవారం రాత్రి 10:05

కాకా గారు చెప్పినట్టు శబ్దం పిన్నులు తీసి మావారి పాత ఆంప్లిఫయర్‌కి పెట్టాం. నిజంగానే తేడా తెలిసింది, ఇప్పుడు చేతికీ చప్పుడుకీ మధ్య గ్యాప్ ఇబ్బంది పెట్టడం లేదు.

మెలడీ మా పిల్లలకి వదిలేసి నేను బేస్ తీసుకున్నాను. మొదట ప్రతి అడుగుకీ వాయించాను, సాదాగా ఉంది. తర్వాత ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకి) ఒకే స్వరం, అదీ ఎత్తుగడలో కాకుండా కాస్త అనాగతంగా (దెబ్బ పడ్డాక) వేసి చూశాను. పిల్లలు ఊపుతున్న అదే ట్వింకిల్ ట్వింకిల్ నడక మారిపోయింది. ఆ తర్వాత కార్డ్ భాగంలో అడుగుకి మూడు చొప్పున తిస్రం వేశాను. పాట చతురశ్రంలో నడుస్తుంటే మధ్యలో ఈ మూడ్లు. ఖాళీల్లో స్వరాలు గేమే నింపుకుంది, నాకు నడక తప్ప వేరే ఆలోచన లేదు. నాకు స్వరాల బాధ్యత లేకుండా లయ ఒక్కటే చూసుకునే అవకాశం ఎప్పుడూ రాలేదు. వయొలిన్ పట్టుకుంటే వేలి మీద నుంచి దృష్టి తియ్యలేం కదా.

ఇంతా చెప్పి, అందులోని వయొలిన్ గురించి నా మాట మాత్రం మారలేదు. అది వయొలిన్ కాదు. ఆ పేరు పెట్టకుండా ఉండాల్సింది.

---

ధీంతకిట | మంగళవారం రాత్రి 10:22

అదీ! ఇప్పుడు పెర్కషన్ భాగం తీసుకుని తీర్మానం (ఒకే ముక్క మూడుసార్లు వాయించే ముగింపు) వేయండి. రెండు బార్లు (పాటలో నాలుగేసి అడుగుల ముక్కలు) కలిపితే 8 అడుగులు, మన ఆది తాళం ఒక ఆవర్తనం. అడుగుకి 2 మాత్రలు పట్టుకుంటే 16. పాట చివర గట్టిగా ఆగే స్వరం ఉంటుంది కదా, దానికి ముందున్న రెండు బార్లు చూసుకోండి. మొదటి మాత్ర వదిలేసి ‘తదిగిణతొం’ మూడుసార్లు. ఐదు మూళ్లు పదిహేను. ఆగే స్వరం మీద సమానికి (తాళం మొదటి దెబ్బకి) దిగుతారు.

రిమోట్, నన్‌చక్ రెండు చేతులతో మార్చి మార్చి కొడితే చెయ్యి సరిపోతుంది.

---

తీగలమ్మాయి | బుధవారం రాత్రి 9:15

దిగింది! మొదట్లో ఒక మాత్ర వదలడం దగ్గరే చెయ్యి తొందరపడుతోంది. గేమ్ ఏ హడావుడీ చేయలేదు, చప్పట్లు ఎప్పుడూ కొట్టినట్టే కొట్టింది. దానికేం తెలుసు పాపం.

---

ధీంతకిట | బుధవారం రాత్రి 9:20

దానికి తెలియకపోతే మాకు వినిపించండి. గేమ్‌లోంచి వీడియో పంపే వీలుందా?

---

పాత_కన్సోల్ | బుధవారం రాత్రి 9:34

లేదు. అప్పట్లో ఒక వీ నుంచి స్నేహితుల వీకి పంపుకునేవాళ్లు. వీకనెక్ట్24 అనే ఆ సర్వీసుని 2013లోనే ఆపేశారు. ఎదురుగా ఫోన్ పెట్టి తీయడమే.

---

తీగలమ్మాయి | బుధవారం రాత్రి 9:41

సరే, రేపు పిల్లలు బడికి వెళ్లాక తీసి పెడతాను. ధీంతకిట గారూ, ఖండ చాపులో (ఐదు లెక్క తాళంలో) పట్టే పాట ఇందులో ఏదైనా ఉందేమో చూస్తున్నాను, అన్నీ మూడు, నాలుగు అడుగులవే కనిపిస్తున్నాయి. నాలుగు అడుగుల దానిమీదే అడుగుకి ఐదు మాత్రల లెక్కన ఖండ నడక వేస్తే రిమోట్ తట్టుకుంటుందంటారా?

---

ధీంతకిట | బుధవారం రాత్రి 9:44

రిమోట్ తట్టుకుంటుంది. మీ మణికట్టు చూసుకోండి, పట్టీ కట్టుకుని మరీ మొదలుపెట్టండి.